యాభై ఐదు నిమిషాల కనెక్షన్

నా రిటైర్మెంటు సభలో మా స్టేషన్ మేనేజరు మూర్తి గారు నా గురించి రెండు మాటలు చెప్పారు. ప్రమీల గారు ముప్పై ఏళ్లు టికెట్లు రాశారు, అన్నది మొదటిది. రేపటి నుంచి ఆఫీసు కాస్త ప్రశాంతంగా ఉంటుంది, అన్నది రెండోది. అందరూ నవ్వారు. మర్యాద కోసం నేనూ నవ్వాను. చిక్కడపల్లిలో ఇంటికి చేరి, చెప్పులు విప్పకముందే ఆ రెండు మాటలూ నోటుబుక్కులో రాసుకున్నాను.

ఇది వాటికి జవాబు. విమాన కంపెనీల్లో కొత్తగా చేరుతున్నవాళ్లు చదవాలని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి చెప్పుకునేటన్ని లేవు, రాకుండా ఆపినవాళ్ల గురించి రాస్తే కాగితం చాలదు.

టికెట్లు రాయడం కాదు

నా పని టికెట్లు రాయడం కాదు. మాది చిన్న కంపెనీ. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానాలతో రాజమండ్రి, విజయవాడ, తిరుపతి లాంటి ఊళ్లను హైదరాబాదుతో కలిపేది. రాజమండ్రి మనిషి ఢిల్లీ వెళ్లాలంటే మా విమానంలో హైదరాబాదు వచ్చి, ఇక్కడ పెద్ద కంపెనీ విమానం ఎక్కాలి. రెండు కంపెనీలకీ ఒప్పందం ఉంటే అతనికి ఒకటే టికెట్. పెట్టె రాజమండ్రిలో అప్పగిస్తే ఢిల్లీలో చేతికి వస్తుంది. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత మాది. ఒప్పందం లేకపోతే ఆ భారమంతా ప్రయాణికుడిదే. పెట్టె తీసుకుని బయటికి రావాలి, మళ్లీ లోపలికి వెళ్లాలి, మళ్లీ వరసలో నిలబడాలి. రెండో విమానం వెళ్లిపోతే ఆ టికెట్ చిత్తు కాగితం.

ఇలాంటి ఒప్పందాలు చూసే బల్లని ఇంటర్‌లైన్ డెస్క్ అంటారు. నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్ మీద మొదటి అంతస్తులో మా ఆఫీసు ఉండేది. నా బల్ల బాత్రూమ్ తలుపు పక్కన వేశారు. మార్చమని నాలుగుసార్లు రాసి ఇచ్చాను. మార్చలేదు. తర్వాత చేరిన సేల్స్ అబ్బాయికి కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. సరే, అది ఇప్పుడు అప్రస్తుతం, అయినా తెలిసి ఉండాలి.

కడియం పుల్లారావు గారు

2009 వానాకాలంలో ఒక ఉదయం, చేతిలో రెండు గులాబీ మొక్కలతో, తడిసిన పంచెతో ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.

"ఏవండీ, ఇక్కడ తిట్టాలంటే ఎవర్ని తిట్టాలండీ?"

"నన్నే. కూర్చోండి," అన్నాను.

ఆయన పేరు పుల్లారావు. రాజమండ్రి పక్కన కడియంలో నర్సరీ. ఢిల్లీలో పార్కులకి మొక్కలు సరఫరా చేసే టెండరు ఏడాదికొకసారి తెరుస్తారు. ఆ పొద్దున మనిషి అక్కడ ఉండాలి, చూపించడానికి మొక్కలూ ఉండాలి. అందుకని ముందురోజు మా సాయంత్రం విమానానికి ఒక టికెట్, పెద్ద కంపెనీ ఢిల్లీ విమానానికి ఇంకో టికెట్ కొనుక్కున్నాడు. మాది ఐదూ ముప్పై ఐదుకి దిగుతుంది. వాళ్లది ఆరున్నరకి లేస్తుంది. మా విమానం సరిగ్గా వేళకే దిగింది. కానీ ఆయన పెట్టె తీసుకుని, బయటికి వచ్చి, పైకి ఎక్కి కౌంటరు చేరేసరికి అది మూసేశారు.

"ఆ అమ్మాయి గడియారం చూపించిందండీ. నేను మొక్కలు చూపించానండీ. గడియారమే నెగ్గింది. అద్దంలోంచి విమానం కనపడతానే ఉందండీ, ఇంకా నిచ్చెన కూడా తియ్యలేదు."

"టెండరు?"

"ఈపాటికి తెరిచేసుంటారు. ఆ కాయితాలు నా జేబులోనే ఉన్నాయి." ఒక మొక్క నా బల్ల మీద పెట్టాడు. "వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారండీ. అప్పటికి మీరు ఏదోటి చేస్తే సరే. లేదంటే నేను రైల్లో పోతాను, మీ విమానం మీరే ఎక్కండి."

ఆ మాటలో నిజం ఉంది. రాజమండ్రి సాయంత్రం విమానంలో సగం సీట్లు ఖాళీగా వస్తున్నాయి. ఇంకో ఏడాది చూసి ఆ విమానం తీసేస్తామని మా హెడ్డాఫీసు నుంచి కబురు వచ్చి వారమైంది. ఢిల్లీ వెళ్లేవాళ్లు నిండుగా ఉన్నారు, కానీ వాళ్లు రైళ్లలో పోతున్నారు. ఆ సాయంత్రం విమానం బతకాలంటే ఢిల్లీ కనెక్షన్ దొరకాలి. నాకు ఉన్నది ఒక ఏడాది.

ఆ రోజే ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. రాజమండ్రి నుంచి ఢిల్లీకి ఒకే టికెట్ ఉందా అని కౌంటర్లోగాని ఫోన్లోగాని ఎవరు అడిగినా, మేము "లేదు" అన్న ప్రతిసారీ ఒక గీత, పక్కన పేరు, ఏం పని మీద వెళ్తున్నారో. దానికి లేదు పుస్తకం అని పేరు పెట్టాను. కొత్తవాళ్లకి నా మొదటి సలహా ఇదే. అమ్మిన సీట్ల లెక్క కంపెనీ ఎలాగూ రాస్తుంది. అమ్మలేకపోయిన సీట్ల లెక్క మీరు రాయండి.

హైదర్‌గూడలో గంటా నలభై నిమిషాలు

పెద్ద కంపెనీ ఆఫీసు హైదర్‌గూడలో, మా ఆఫీసు నుంచి నడిచి వెళ్లే దూరం. అక్కడ సేల్స్ మేనేజరు చక్రపాణి. పదకొండింటికి రమ్మన్నాడు. పదకొండుకి ఐదు నిమిషాల ముందే వెళ్లాను. పన్నెండూ ముప్పై ఐదు దాకా మెట్ల కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. అదే బెంచీ మీద నా పక్కన కూర్చున్న ట్రావెల్ ఏజెంటుకి చాయ్ వచ్చింది. నాకు రాలేదు. చాయ్ తెచ్చినతను నన్ను చూశాడు, లోపలికి చూశాడు, వెళ్లిపోయాడు.

లోపలికి పిలిచాక చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు: "చెప్పుండ్రి మేడమ్. ఏంది సంగతి?"

"సార్, రాజమండ్రి నుంచి మీ ఢిల్లీ ఫ్లైట్‌కు ఒక్క టికెట్ పెడ్దాం. మీకు సీట్లు నిండుతయి, మాకు నిండుతయి."

"మీదంటే ఆ పంకాలదేనా? అది విమానమా మేడమ్, మిక్సీనా? ఆ సప్పుడు వింటే నాకు ఇంట్ల చట్నీ యాదికొస్తది."

అక్కడున్న ఇద్దరు నవ్వారు. నాకు జవాబు నారాయణగూడ ఫ్లైఓవర్ కింద తట్టింది. వెనక్కి వెళ్లి చెప్పి వద్దామా అని రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

కానీ ఆ గదిలో ఆయన ఇంకో మాట అన్నాడు. అదే నాకు పనికొచ్చింది.

"ఒప్పందం చేసుకున్నా లాభం లేదు మేడమ్. హైదరాబాదుల దిగుడుకు, ఎక్కుడుకు నడుమ గంట ఉంటేనే కంప్యూటర్ ఆ రెండు ఫ్లైట్లను కలిపి చూపెడ్తది. మీకు ఉన్నది యాభై ఐదు నిమిషాలు. కంప్యూటర్‌తోని కొట్లాడుతరా?"

"ఆ గంట ఎవరు పెట్టిండ్రు సార్?"

"ఎవరో పెట్టిండ్రు. దేవుడు పెట్టిండనుకోండి."

మా విమానాన్ని ఐదు నిమిషాలు ముందుకు జరపడం కుదరదు. అదే విమానం తిరుపతి వెళ్లి వచ్చి, రాజమండ్రి వెళ్లాలి. వాళ్ల విమానాన్ని ఐదు నిమిషాలు వెనక్కి జరపడం కుదరదు. ఢిల్లీలో దిగే వేళ ముందే ఖాయమై ఉంటుంది. కదిలించగలిగింది ఆ గంట ఒక్కటే.

ఆఫీసుకి వచ్చి మూర్తి గారికి చెప్పాను. ఆయన మంచి మనిషి. మంచివాళ్ల కింద పనిచేయడం ఎంత కష్టమో చెడ్డవాళ్ల కింద చేసినవాళ్లకి తెలియదు.

"ప్రమీల గారూ, పెద్దవాళ్లతో మనకెందుకండీ? వాళ్లే పిలిచినప్పుడు చూద్దాం."

"వాళ్లు పిలిచేలోపు మన ఫ్లైట్ ఉండదు సార్."

"ఉత్తరం రాయండి. కానీ నా పేరు మీద వద్దు."

నా పేరు మీదే రాశాను. ఒకటి కాదు, పదకొండు. ఆ గంట నిబంధన ఎవరిది, ఎందుకు, ఎప్పటిది అని, విమానాశ్రయం ఆఫీసర్లకి. ప్రతి ఉత్తరాన్నీ అశోక్ నగర్‌లో జిరాక్స్ తీయించేదాన్ని. అక్కడ ఎప్పుడు చూసినా గ్రూప్స్ పరీక్షల పిల్లలు నోట్సు కట్టలతో వరసలో ఉంటారు. ఒకరోజు నా వెనకున్న అమ్మాయి మెల్లగా అడిగింది: "ఆంటీ, మీరు గూడ గ్రూప్ టూ రాస్తున్నరా?"

జిరాక్స్ అతను తల ఎత్తకుండానే అన్నాడు: "మేడమ్ పరీక్ష రాయదమ్మా. మేడమ్ అందరికి పరీక్ష పెడ్తది."

యాదగిరి అన్న చెప్పిన పెండ్లి చూపులు

చాలా కాలం జవాబు రాలేదు. చివరికి తెలిసింది ఏమిటంటే, కనీస కనెక్షన్ వేళ అనేది విమానాశ్రయంలోని కంపెనీలన్నీ కలిసిన కమిటీ నిర్ణయిస్తుంది. మార్చాలంటే అక్కడ అడగాలి. ఉత్త చేతులతో వెళ్తే మళ్లీ మిక్సీ మాటే వినాలి. అందుకని నేనే గడియారం పట్టుకుని శంషాబాద్ వెళ్లడం మొదలుపెట్టాను. ఆఫీసు పని అయ్యాక బస్సెక్కి, మా సాయంత్రం విమానం దిగే వేళకి నారింజ రంగు జాకెట్ తొడుక్కుని విమానాలు ఆగే మైదానంలో నిలబడేదాన్ని.

అక్కడ మా సామాన్ల బండ్లకి సూపర్వైజరు యాదగిరి. పదేళ్లుగా పెట్టెలు ఎత్తి దించిన మనిషి. మా విమానం కడుపులోంచి ఒక పెట్టె దిగి, పెద్ద కంపెనీ విమానం దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామన్నాను. ఆయన ఒక ఖాళీ పెట్టెకి ఎర్ర గుడ్డ కట్టి నడిపించాడు. పద్దెనిమిది నిమిషాలు. మర్నాడు పదహారు. నాకు పండగలా ఉంది. ఒక వారం రాసుకుని, ఇక చాలు, కమిటీకి పోతానన్నాను.

యాదగిరి బండి మీద కూర్చుని బీడీ చేతిలో నలుపుతూ ఉన్నాడు. అక్కడ ముట్టించకూడదు కాబట్టి నలిపేవాడు.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఈ వారమంత వాన వడ్డదా?"

"లేదు."

"రద్దీ ఉన్నదా?"

"లేదు."

"మంచి దినాలే చూసి రాసుకుంటివి. గది లెక్క కాదక్కా, పెండ్లి చూపులు. వాన దినం రా, దసరా ముందుగాల రా, నా మనుషులు ఇద్దరు రాని దినం రా. అప్పుడు రాస్కో."

నన్ను తప్పు పట్టినవాళ్లలో నేను పగ పెట్టుకోనిది యాదగిరి ఒక్కడి మీదే. ఆయన అన్నది నిజం. నాకు కావలసిన జవాబు వచ్చే రోజుల్నే ఎంచుకున్నాను. మీరు కూడా చేస్తారు. అందరూ చేస్తారు. అందుకే పక్కన ఒక యాదగిరి ఉండాలి.

వానల్లో వెళ్లాను. పండగ రద్దీలో వెళ్లాను. సామాన్ల బండ్లని లాగే ట్రాక్టరు చెడిపోయిన రోజు యాదగిరే ఫోన్ చేసి "అక్కా, ఇయ్యాల మంచిగ ఖరాబైంది, జల్ది రా" అని పిలిచాడు. అన్నిటికంటే చెడ్డ రోజున పెట్టెకి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. మనిషి నడిచి రావడానికి అంత కూడా పట్టలేదు. అంటే నలభై నిమిషాలు పెడితే చెడ్డ రోజున కూడా సరిపోతుంది. మాకు యాభై ఐదు ఉన్నాయి.

ఆఖరి రోజు ఎర్ర గుడ్డ విప్పుతూ యాదగిరి అన్నాడు: "గంట కావాలని, ఎయిర్‌పోర్టు బేగంపేటల ఉన్నప్పుడు ఎవరో మొండి మనిషి రాసిండట అక్కా. మా పాతోళ్లు చెప్తుంటరు. ఆరు నెలలు ఆఫీసర్ల పానం తీసిండట."

"ఎవరో?"

"ఎవరో. ఏ పుణ్యాత్ముడో."

ట్రంకు పెట్టె

ఆ వారంలోనే ఒక బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ఆఫీసు లేదు. పొద్దున్నే ఇంట్లో ట్రంకు పెట్టె దించాను. నేను ఇచ్చిన ప్రతి ఫిర్యాదు నకలూ అందులో ఉంటుంది. బేగంపేట విమానాశ్రయం ఉన్న కాలం నాటి ఉత్తరాల్లో కమిటీ గురించి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను.

దొరికింది. నీలం కార్బన్ నకలు. దిగడానికీ ఎక్కడానికీ మధ్య కనీసం ఒక గంట ఉండనిదే కనెక్షన్ అమ్మకూడదని కమిటీకి విన్నపం. కింద సంతకం నాది.

చదువుతుంటే అంతా కళ్ల ముందుకి వచ్చింది. విజయవాడ నుంచి బొంబాయి వెళ్తున్న పెళ్లివారి పెట్టె బేగంపేటలో ఉండిపోయింది. పెళ్లికూతురి బట్టలన్నీ అందులోనే. అప్పటి మేనేజరు కౌంటరు ముందు, ప్రయాణికులందరి ఎదుట, "నీకు ఉద్యోగం ఎవరిచ్చారమ్మా" అన్నాడు. తప్పు నాది కాదు. అప్పట్లో సామాన్లకి ఉన్నది ఒకటే ట్రాక్టరు. ప్రయాణికుల్ని బస్సులో తిప్పి తీసుకురావాలి. నలభై ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదు. ఆరు నెలలు పోరాడి గంట చేయించాను. ఆ రోజు ఆఫీసులో అందరికీ జిలేబీ పంచాను. ఓడిపోయినవే నాకు గుర్తుంటాయి, గెలిచినవి మరిచిపోతాను. తర్వాత విమానాశ్రయం శంషాబాద్ మారింది. ట్రాక్టర్లు పెరిగాయి, బస్సు పోయింది. ఆ గంట మాత్రం పాత కాగితాల్లోంచి కొత్త కాగితాల్లోకి ఎవరూ చూడకుండా ఎక్కింది.

ఏ గంట మీద నేను పదకొండు ఉత్తరాలు రాశానో ఆ గంట నాదే. పుల్లారావు గారి విమానం ఎదురుగా ఉండగా తలుపు మూసింది కూడా, ఒక విధంగా, నేనే.

టీ పెట్టుకుని తాగాను. ఆ కాగితం మళ్లీ పెట్టె అడుగున పెట్టేస్తే ఎవరికీ తెలియదు. పెట్టాను కూడా. మధ్యాహ్నం మళ్లీ తీశాను.

కమిటీ

సమావేశంలో పెద్ద కంపెనీ తరఫున చక్రపాణి, మా తరఫున మూర్తి గారు, ఆయన వెనక వరసలో నేను. ముందు వరసలో కుర్చీలు సరిపోలేదన్నారు. రెండు ఖాళీగానే ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

కార్యదర్శి నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. నా లెక్కలన్నీ చదివాడు. వాన రోజు, పండగ రోజు, ట్రాక్టరు చెడిన రోజు. కళ్లజోడు తీసి అన్నాడు: "బాగా చేశారమ్మా. కానీ ఎందుకు పెట్టారో తెలియని నిబంధనని నేను తీసెయ్యను. ఏదో ఒక నష్టం జరిగే పెట్టి ఉంటారు. అది మళ్లీ జరగదని ఎవరు చెప్తారు?"

చక్రపాణి చేతులు కట్టుకుని నవ్వాడు. "అదే సార్. నేను అప్పుడే చెప్పిన మేడమ్‌కు."

నిజానికి కార్యదర్శి స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేదాన్ని. సంచిలో చెయ్యి పెట్టాను. ఉత్తరం సంగతి ఆ పొద్దున మూర్తి గారికి చెప్పి ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అన్నారు: "వద్దండీ. సంచిలోనే ఉండనివ్వండి. పరువు పోతుంది."

లేచి వెళ్లి, ఆ నీలం కాగితం కార్యదర్శి ముందు పెట్టాను.

"ఎందుకు పెట్టిండ్రో ఇందుల ఉన్నది సార్. పెట్టించింది నేనే. అప్పుడు ట్రాక్టరు ఒక్కటే ఉండె, ఇప్పుడు ఆరున్నయి. అప్పుడు ప్రయాణికులు బస్సుల తిరిగి వస్తుండె, ఇప్పుడు నడిచి వస్తరు. ఏ కారణం చూపి గంట అడిగిన్నో, ఆ కారణం ఇప్పుడు లేదు. నా అర్జీ నేనే వాపస్ తీసుకుంటున్న."

కార్యదర్శి ఉత్తరం చివరిదాకా చదివాడు. అప్పుడు చక్రపాణి మొదలుపెట్టాడు.

"అంటే ఏంది మేడమ్, ఏడాది నుంచి మీతోని మీరే కొట్లాడుతున్నరా?"

గది మొత్తం నవ్వింది. మూర్తి గారు కూడా తల దించుకుని నవ్వారు, నేను చూశాను. కానీ ఈసారి జవాబు కోసం నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది.

"అవును సార్. నాతోని కొట్లాడి గెలిచినోళ్లు ఈ ఊర్ల ఇప్పటిదాంక ఎవ్వరు లేరు. ఇయ్యాల నేను గెలిచిన."

కార్యదర్శి కూడా నవ్వాడు. తర్వాత కలం తీసి అరవై కొట్టేసి నలభై రాశాడు. "కారణం కూడా కింద రాయించండి. ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరు పదకొండు ఉత్తరాలు రాయకుండా," అన్నాడు. నేనే రాశాను. కింద సంతకం పెట్టాను.

చాయ్

గంట పోయాక చక్రపాణికి చెప్పడానికి సాకు మిగల్లేదు. ఆయన పైవాళ్లకి లేదు పుస్తకం జిరాక్స్ పంపించాను. గ్యాస్ కంపెనీ ఇంజనీర్లు, పరీక్షలకి వెళ్లే పిల్లల తండ్రులు, చీరల వ్యాపారులు, వైద్యం కోసం వెళ్లేవాళ్లు. పేజీల కొద్దీ గీతలు. పక్కవాడి జేబులో ఉన్న ప్రయాణికుడు కాదు, ఎవరి జేబులోనూ లేని ప్రయాణికుడు. రెండు కంపెనీలు కలవడానికి ఇంతకంటే గట్టి కారణం నేను చూడలేదు. ఒకరిది ఒకరు లాక్కోవడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ జడవరు.

ఒప్పందం కాగితాలు ఖాయం చేయడానికి ఈసారి చక్రపాణే నారాయణగూడ రావలసి వచ్చింది. మా మెట్లు నిటారుగా ఉంటాయి. ఆయాసంతో వచ్చి నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు, బాత్రూమ్ తలుపు పక్కన. గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాను. కానీ ఆయన కూర్చున్న నిమిషంలోనే కింది నుంచి చాయ్ తెప్పించాను, ఉస్మానియా బిస్కెట్లతో సహా.

ఆయన కప్పు వంక చూసి అన్నాడు: "మేడమ్, మీరు ఆ దినం... మా దగ్గర చాయ్ తాగిండ్రా?"

"లేదు సార్."

"జర యాది మరిచిండ్రేమో మావోళ్లు."

"నేను మరువలే సార్. తాగండి, సల్లగైతది."

చాయ్ ఇవ్వడం కూడా ఒక పగే. కొత్తవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి. మీతో పని చేయాల్సినవాణ్ని ఎంత చిన్నబుచ్చినా పర్వాలేదు, మర్యాదతో మాత్రమే చిన్నబుచ్చాలి. ఆ తర్వాత చక్రపాణి ఆ కనెక్షన్‌ని నాకంటే గట్టిగా కాపాడాడు. ఒక సాయంత్రం మా విమానం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, "మిక్సీ వస్తున్నది, తలుపు వెయ్యకుండ్రి" అని తన వాళ్లకి ఫోన్ చేసి చెప్పాడట. ఆ మాట నేను క్షమించలేదు. ఆ పని మాత్రం మెచ్చుకున్నాను.

మరుసటి ఏడు

మరుసటి వానాకాలం, టెండరుకి ముందురోజు, పుల్లారావు గారు ఒకే టికెట్‌తో రాజమండ్రిలో ఎక్కారు. పెట్టె అక్కడే అప్పగించారు, ఢిల్లీ చీటీ కట్టించి. నమ్మకం లేక నాకు మూడుసార్లు ఫోన్ చేశారు.

"ఏవండీ, పెట్టె హైదరాబాదులో దిగిపోతే?"

"దిగుతుంది. యాదగిరి మళ్లీ ఎక్కిస్తాడు."

"ఆయన మర్చిపోతేనో?"

"నేను అక్కడే ఉంటాను."

అక్కడే ఉన్నాను, నారింజ జాకెట్‌తో. ఆ రోజు వాన. మా విమానం ఐదూ నలభై రెండుకి దిగింది, ఏడు నిమిషాలు ఆలస్యం. అంటే చేతిలో ఉన్నవి నలభై ఎనిమిది. పాత గంట ఉండి ఉంటే ఈ టికెట్టే పుట్టేది కాదు. పుల్లారావు గారి పెట్టెకి ఆయనే గులాబీ రంగు తాడు కట్టారు. యాదగిరి ఆ పెట్టెని బండి మీద అందరికంటే పైన పెట్టి, దాని మీద తన ప్లాస్టిక్ కవరు కప్పి తీసుకుపోయాడు. పెద్ద విమానం కడుపులోకి అది ఎక్కడం నా కళ్లతో చూసి గడియారం చూసుకున్నాను. ఇరవై రెండు నిమిషాలు.

రాత్రి భోజనాల వేళకి ఢిల్లీ నుంచి ఫోన్.

"ఏవండీ, బెల్టు దగ్గర నిలబడ్డానండీ. నాకంటే ముందే వచ్చి తిరుగుతా ఉందండీ ఇది. మొక్కకి ఆకు కూడా వాడలేదు."

టెండరు ఆయనకే వచ్చింది. అది మొక్కల గొప్ప, నాది కాదు. కానీ మొక్కలు అక్కడికి చేరడం నాది. ఆ శీతాకాలం తీసేయాల్సిన సాయంత్రం విమానాన్ని తీసేయలేదు. తర్వాత విజయవాడకీ, తిరుపతికీ ఇదే పద్ధతి వచ్చింది. వేరే కంపెనీలు కూడా అడిగి చేరాయి. ఒప్పందం జరిగిన రోజు ఫోటోలో మూర్తి గారు, చక్రపాణి చేతులు కలుపుతూ ఉంటారు. నేను లేను. ఫోటో తీసినతను కొంచెం ఎడమకి జరగమన్నాడు, జరిగితే స్తంభం అడ్డం వచ్చింది. ఆ ఫోటో ఇంకా మా ఆఫీసు గోడకే ఉంది.

రిటైరయ్యాక ఒకసారి నేనే ప్రయాణికురాలిగా రాజమండ్రి వెళ్లాను, కడియం చూడడానికి. అక్కడి నుంచి ఢిల్లీ టికెట్ తీసుకున్నాను, అక్కడ పని ఏమీ లేకపోయినా. కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి నా పెట్టెకి చీటీ కట్టి, నా వయసు చూసి ధైర్యం చెప్పింది.

"హైదరాబాదులో టైము తక్కువుంటుందని కంగారు పడకండి మేడమ్. నలభై నిమిషాలుంటే చాలండీ. రూలే అలా ఉంది."

"ఆ రూలు ఎవరు పెట్టారమ్మా?"

"ఏమోనండీ. ఎవరో పెట్టారు."

వెనక వరసలో ఏడుగురు ఉన్నారు. వాళ్లలో ఒకాయన అప్పటికే గొణుగుతున్నాడు. నేను చేతిసంచి కౌంటరు మీద పెట్టి, ఆ అమ్మాయికి మొదటి నుంచీ చెప్పాను. గులాబీ మొక్కలు, బెంచీ, రాని చాయ్, ఎర్ర గుడ్డ కట్టిన పెట్టె, నీలం కాగితం, దాని కింద సంతకం, అన్నీ. ఏదీ వదల్లేదు.

కనెక్షన్ అందింది.